బరంపురం గూర్ఖా, సింధుపాల్‌చోక్ రేకులు: ఒక సాయం కేసు

మా బృందంలో కొత్తగా చేరే వాలంటీర్లకి ఈ కేసు చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇందులో తప్పెక్కడుంది సార్, సాయం అందింది కదా" అంటారు. అందింది. రేకులు వేశారు, ఆ వానాకాలం రెండు కుటుంబాలు తడవలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మాది ఒడిశాలోని బరంపురంలో చిన్న బృందం. గంజాం, గజపతి జిల్లాల్లో తుఫాన్లు వచ్చినప్పుడు సామాన్లు పోగుచేయడం, పంచడం, లెక్క రాయడం మా పని. పదకొండు మందిమి. తొమ్మిది మందికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. స్టాకు రిజిస్టరు నా దగ్గరుంటుంది, డబ్బు మాత్రం రిటైరైన తెలుగు మాస్టారి దగ్గర. ఆయన నాలుగణాల లెక్క కూడా వదిలే మనిషి కాదు.

ఈ కేసులో సాయం పొందిన మనిషి నేపాల్ నుంచి వచ్చిన మా వీధి గూర్ఖా. అప్పటికి పద్నాలుగేళ్ళుగా రాత్రిపూట కర్ర నేలకేసి కొడుతూ, విజిల్ వేసుకుంటూ ఎనభై నాలుగు ఇళ్ళు కాపలా కాస్తున్నాడు. ఇంటికి నెలకి ముప్పై రూపాయలు. అందరం బహదూర్ అనేవాళ్ళం. అంతకు ముందు కాపలా కాసినాయన్నీ బహదూర్ అనే పిలిచాం, అంతకు ముందాయన్నీ అంతే. అసలు పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. అప్పట్లో మమ్మల్ని ఎవరైనా అడిగినా చెప్పగలిగేవాళ్ళం కాదు, ఆ పేరు మాకూ తెలియదు.

ముందు మా సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి 1999 సూపర్ సైక్లోన్‌లో పోయినట్టు వేల ప్రాణాలు పోలేదు. ఇళ్ళ కప్పులు, కరెంటు స్తంభాలు, మొగలి తోటలు పోయాయి. తెల్లారేసరికి మా వీధికి అడ్డంగా వేపచెట్టు పడుంది. దాని కొమ్మలు లాగిన మొదటి మనిషి బహదూరే. రాత్రంతా ఎక్కడున్నావని ఎవరం అడగలేదు. బడి వరండాలో నిలబడ్డాడని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆ వారాల్లో మేం పంచేవాళ్ళమే కాదు, పుచ్చుకునేవాళ్ళం కూడా. ఎక్కడెక్కడి నుంచో లారీలు వచ్చాయి. బియ్యం, అటుకులు, బెల్లం, పాలిథిన్ షీట్లు చేతికి రాగానే అయిపోయేవి. పాతబట్టల సంచులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఒక సంచి విప్పితే గుండీల్లేని చొక్కాల మధ్య నాలుగు చెప్పులు బయటపడ్డాయి. నాలుగూ ఎడమకాలివే. ఆ సంచుల మీద పిల్లలు ఎక్కి ఆడుకున్నారు, తర్వాత ఎలుకలు కాపురం పెట్టాయి. పంపినవాళ్ళకి మాత్రం "మీ మేలు మరచిపోలేం" అని నా చేత్తోనే ఉత్తరం రాశాను. రాయకపోతే వచ్చేసారి పంపరని భయం.

ఇంత జరిగాక కూడా ఏడాదిన్నరకి మేం అదే పని చేశాం. కేసు అక్కడ మొదలవుతుంది.

2015 ఏప్రిల్ 25, శనివారం. మన టైము ప్రకారం పదకొండు నలభైకి నేపాల్‌లో గోర్ఖా జిల్లా బార్‌పాక్ దగ్గర 7.8 తీవ్రతతో భూమి కదిలింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. అక్కడ వారం సెలవు శనివారం. బడులు మూసి ఉండబట్టి ఎంతమంది పిల్లలు బతికారో. అందరికంటే ఎక్కువ మంది పోయింది సింధుపాల్‌చోక్ జిల్లాలో. మా బహదూర్‌ది ఆ జిల్లాయే. మూడు రోజులు ఫోను కలవలేదు. నాలుగో రోజు తమ్ముడు దొరికాడు. ఇల్లు సగం కూలింది, తల్లి పోయింది, దహనం చేసేశారు.

భారత్ నుంచి మొదటి విమానం అదే రోజు కాఠ్‌మాండూలో దిగింది. ఆ సాయానికి ఆపరేషన్ మైత్రి అని పేరు పెట్టారు. ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందాలు 16 వెళ్ళాయి, శిథిలాల నుంచి 11 మందిని ప్రాణాలతో తీశాయి. అప్పటి నేపాల్ ప్రధాని సుశీల్ కోయిరాలా ఆ రోజు విదేశంలో ఉన్నారు. తమ దేశంలో భూకంపం వచ్చిన సంగతి మన ప్రధాని ట్వీట్ వల్లే ఆయనకి తెలిసిందని నేపాల్ వాళ్ళే చెప్పారు. పొరుగు దేశం అంత వేగంగా కదిలినందుకు అక్కడి నాయకులు ధన్యవాదాలు చెప్పారు, మామూలు జనమూ చెప్పారు. అందులో మొహమాటం ఏమీ కనపడలేదు.

వారం తిరగ్గానే, మే 3న, 'ఇండియన్ మీడియా వెనక్కి వెళ్ళు' అనే హ్యాష్‌ట్యాగ్ నేపాల్‌లో మోతమోగింది. ఆ కోపం ఎన్డీఆర్ఎఫ్ మీద కాదు, హెలికాప్టర్ల మీద కాదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ముందు మైకు పెట్టి "ఇప్పుడు మీకెలా ఉంది" అని అడిగిన టీవీ వాళ్ళ మీద. సాయాన్ని చూపించారా, సాయం చేసేవాణ్ణి చూపించారా అని అక్కడివాళ్ళు అడిగారు. మా ఆఫీసు గదిలో ఆ వార్త చూసి ఒకరన్నారు, "చూశారా, చేసినంత చేయించుకుని!" నేనూ తలూపాను. ఆ మర్నాడే మా ఫ్లెక్సు ప్రింటై వచ్చింది.

ఆ ఎనిమిది రోజుల్లో మేం చేసింది: ఒక చందా పుస్తకం వేశాం, ఒక చెక్కపెట్టె పెట్టాం, వీధి చివర టేబులు వేశాం. డబ్బు రూ. 61,400 వచ్చింది. బట్టలు గది నిండా వచ్చాయి. పట్టుచీరలకి పేరుపడ్డ ఊరు కదా, బట్టలకి లోటుండదు. సన్నటి వాయిల్ చీరలు, లుంగీలు, స్కూలు యూనిఫారాలు. కొండల మీద చలికి వాయిల్ చీర ఏం చేస్తుందో ఎవరికీ తట్టలేదు. అవి నేపాల్ సరిహద్దులోని రక్సాల్ దాకా పంపడానికి లారీ కిరాయి కనుక్కుంటే, వచ్చిన చందాలో సగం దానికే పోయేలా ఉంది.

మే 3 సాయంత్రం బహదూర్ని ఆ గదిలోకి పిలిచి, ఇవన్నీ నీ కోసమే అని చూపించాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశానేమో, నిజం చెప్పాలి. అతను గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, ఒక లుంగీ తీసి మడతపెట్టి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఏమీ అనలేదు. అప్పుడు మాస్టారు అడిగారు, "ఏం కావాలి నీకు, చెప్పు" అని. ఎనిమిది రోజుల్లో ఆ ప్రశ్న అదే మొదటిసారి. "జస్తా" అన్నాడు. మాకర్థం కాలేదు. బయటికి తీసుకెళ్ళి ఎదురింటి సైకిల్ షెడ్డు మీద రేకు చూపించాడు. "జేఠ్ నెల పోతే వాన, సాబ్."

జూన్ నడిమికి నేపాల్ కొండల మీద వాన దిగుతుంది. ఆలోగా తల మీద ఏదో ఒకటి ఉండాలి. నేపాల్ ప్రభుత్వం తాత్కాలిక గూడు కోసం కుటుంబానికి 15,000 నేపాలీ రూపాయలు ఇచ్చింది కూడా అందుకే. మా దగ్గర గది నిండా బట్టలున్నాయి, రేకు ఒక్కటి లేదు. బట్టల్ని తర్వాత ఒక స్టీలు సామాన్ల వ్యాపారికి ఇచ్చేశాం. అది రిజిస్టరులో ఒక్క లైను.

మే 4న ఫ్లెక్సు కట్టాం. మీద పశుపతినాథ్ గుడి, కింద మా బృందం పేరు, మధ్యలో రెండు చేతులు కలిసిన బొమ్మ. అందరం వరసగా నిలబడ్డాం, బహదూర్ చేతిలో కవరు పెట్టాం. లోకల్ కేబుల్ కుర్రాడు ఫొటో సరిగ్గా రావాలని ఇంకోసారి ఇమ్మన్నాడు. కవరు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చాం. అప్పుడు బహదూర్ నా వైపు వంగి మెల్లిగా అడిగాడు, "సాబ్, నవ్వాలా?"

తల్లి పోయి పది రోజులు. నేను ఏదో గొణిగాను. ఫొటోలో అతను నవ్వుతూనే ఉన్నాడు, అదీ కొంచెం పక్కకి చూస్తూ. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. ట్రైనింగులో మాత్రం చూపించను.

డబ్బు పంపడం ఇంకో కథ. మన దేశం నుంచి నేపాల్‌కి బ్యాంకు ద్వారా పంపే రెమిటెన్స్ సదుపాయం 2008 నుంచి ఉంది. అప్పట్లో ఒకసారికి రూ. 50,000 దాటకూడదు. సరే, యాభై వేలు బ్యాంకులో, మిగతా పదకొండు వేల నాలుగొందలు వంద నోట్లుగా చేతిలో అనుకున్నాం. అతను హౌరా వెళ్ళి, అక్కణ్ణుంచి రక్సాల్ రైలెక్కి, సరిహద్దు దాటి వీర్‌గంజ్ మీదుగా పోతాడు. అకౌంటు నంబరు చీటీ మీద రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఫారం నేను నింపాను. పేరు దగ్గర, అడగాలన్న ఆలోచన కూడా రాకుండా, బహదూర్ అని రాసేశాను.

మేం వెళ్ళిన బ్రాంచిలో ఆ ఫారం అంతకు ముందు ఎవరూ చూసినట్టు లేరు. మూడుసార్లు తిరిగాం. నాలుగోసారి డబ్బు తీసుకున్నారు. తొమ్మిది రోజులకి అది వెనక్కొచ్చింది. ఖాతాలో ఉన్న పేరు వేరు. ఆ పేరులో బహదూర్ అనే ముక్కే లేదు.

ఈలోగా మే 12న 7.3 తీవ్రతతో రెండో భూకంపం వచ్చింది. దోలఖా, సింధుపాల్‌చోక్ సరిహద్దు దగ్గరే. నిలబడ్డ సగం ఇల్లు కూడా పడిపోయింది. ఫోనులో పేరు అడిగితే మొదట నవ్వాడు, తర్వాత అక్షరం అక్షరం చెప్పాడు. పద్నాలుగేళ్ళు మా ఇళ్ళు కాపలా కాసిన మనిషి పేరు నేను అలా తెలుసుకున్నాను, అదీ బ్యాంకు క్యూలో నిలబడి. డబ్బు మే నెలాఖరుకి చేరింది. యాభై వేలకి 80,000 నేపాలీ రూపాయలు. మన రూపాయికి వాళ్ళ రూపాయి అరవై పైసలు, 1993 నుంచీ ఆ రేటు మారలేదు.

జులైలో తిరిగొచ్చాడు. రాగానే మాస్టారి దగ్గరికి వెళ్ళి, ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన రెండు కాగితాలిచ్చాడు. రేకులు, మేకులకి 71,000. రోడ్డు తెగిపోయింది కాబట్టి కొండమీదికి మోసిన కూలీలకి 9,000. చేతికిచ్చిన పదకొండు వేల నాలుగొందలకి కాగితం లేదు. "అమ్మ కర్మకి ఖర్చుపెట్టాను. ఊరికి అన్నం పెట్టాను" అన్నాడు. ఇంకేం వివరణ లేదు.

ఆ సాయంత్రం మీటింగు రాత్రి పదింటిదాకా సాగింది. నేను సూటిగా అన్నాను: చందా గూడు కోసం వసూలు చేశాం, భోజనాల కోసం కాదు. దాతలు అడిగితే ఏం చెబుతాం? ఇద్దరు ముగ్గురు నాతో కలిశారు. మాస్టారు చివరిదాకా నోరు విప్పలేదు. లెక్కల మనిషి, నా పక్షానే ఉంటారనుకున్నాను. చివర్లో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: "మీ నాన్న పోయినప్పుడు పదకొండో రోజు మీ ఇంట్లో నేను భోజనం చేశాను బాబూ. ఆ వారమే మీ గోడ కూడా కూలిపోయి ఉంటే, ముందు దేనికి ఖర్చుపెట్టేవాడివి?"

పుస్తకంలో ఆయనే రాశారు: 'తల్లి కర్మ నిమిత్తం, రూ. 11,400.' వోచరు లేకుండా మా పుస్తకంలోకి ఎక్కిన ఖర్చు ఇప్పటికీ అదొక్కటే. నాకు పూర్తిగా సమ్మతమని ఇవాళ కూడా చెప్పలేను. కానీ ఇచ్చింది అతనికే అయితే, తల్లి కంటే గూడు ముందని నిర్ణయించడానికి నేనెవర్ని అనే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఇంతవరకూ అయితే దీన్ని కేసుగా రాసేవాణ్ణి కాదు.

సెప్టెంబరులో ఒక రాత్రి స్టేషన్ వైపు వెళ్తుంటే, ఒక హోటలు వెనక గిన్నెలు తోముతూ బహదూర్ కనిపించాడు. రాత్రి పదింటిదాకా అక్కడ, తర్వాత మా వీధి. ఎందుకని అడిగితే "ఊరికే సాబ్" అన్నాడు. మర్నాడు అతని చిన్న నోటు పుస్తకం అడిగి తీసుకున్నాను. ఇంటి నంబర్లు వరసగా, పక్కన నెలకో టిక్కు. జులై నుంచి ముప్పై ఒక్క ఇళ్ళకి టిక్కుల్లేవు. మూడు నెలలుగా ఆ ఇళ్ళవాళ్ళు డబ్బులివ్వడం మానేశారు. అతను ఎవరితోనూ చెప్పలేదు.

ఇల్లిల్లూ తిరిగాను. కొందరు సిగ్గుపడి అప్పటికప్పుడు ఇచ్చారు. ఒక మామ్మగారు మాత్రం అరుగు మీద కూర్చుని చక్కగా లెక్క చెప్పింది: "అప్పుడు భూకంపానికి ఐదొందలు ఇచ్చీసేం కదా బావూ. ముప్పై సొప్పున ఏడాదికి మూడొందల అరవై. ఇంకా మాదే నూట నలభై ఎక్కువుంది!" ఆమె చెడ్డ మనిషి కాదు. ఫైలిన్ రాత్రి ముగ్గుర్ని తన ఇంట్లో పడుకోబెట్టుకుంది. ఆమె దృష్టిలో ఐదొందలూ, ముప్పయ్యీ ఒకే సంచిలోంచి తీసినవి. ఆ రెండూ వేరని మేం ఎవరికీ చెప్పలేదు. పైగా వీధి మధ్యలో ఫ్లెక్సు కట్టి, బహదూర్‌కి వీధి ఎంత ఇచ్చిందో అందరికీ చూపించింది మేమే. చూసినవాళ్ళు లెక్కలు కట్టుకున్నారు.

ఇది సరిగ్గా ఆ నెలల్లోనే పెద్ద స్థాయిలోనూ నడిచింది. జూన్ 25న కాఠ్‌మాండూలో జరిగిన పునర్నిర్మాణ సదస్సులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ 100 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. అందులో నాలుగో వంతు గ్రాంటు. సెప్టెంబరు 20న నేపాల్ కొత్త రాజ్యాంగం వచ్చింది. నేపాల్ దక్షిణ మైదానమైన తరాయిలో అక్కడి మధేశీల ఆందోళన, సరిహద్దులో ఆగిపోయిన లారీలు. దిగ్బంధం తాము చేయలేదని భారత్ చెప్పింది, చేసింది భారతేనని నేపాల్‌లో ఎక్కువమంది నమ్మారు. మందులు, పెట్రోలు, గ్యాసు, ఇళ్ళు కట్టే సామాను ఆగి, చలికాలమంతా రేకుల కిందే గడిచింది. మా టీకొట్టు దగ్గర బహదూర్ని పట్టుకుని ఒకాయన నిలదీశాడు, "మేం అంత చేస్తే మీవాళ్ళు మమ్మల్నే తిడతారా?" అని. అతను గ్లాసు కింద పెట్టి, "ఇంట్లో గ్యాస్ లేదు సాబ్, తమ్ముడు కట్టెలు కొట్టుకొస్తున్నాడు" అన్నాడు. అడిగిన దానికి అది జవాబు కాదని ఆయనకి అనిపించింది. నాకు మాత్రం జవాబే అనిపించింది.

నేపాల్ కృతజ్ఞత చెప్పలేదా అంటే చెప్పింది, ఆ తర్వాతా చెప్పింది. 2016 ఫిబ్రవరిలో ప్రధాని ఓలీ ఢిల్లీ వచ్చినప్పుడు 25 కోట్ల డాలర్ల గ్రాంటు వాడకం మీద ఒప్పందం కుదిరింది. గోర్ఖా, నువాకోట్ జిల్లాల్లో 50,000 ఇళ్ళు భారత్ సాయంతో లేచాయి. అదే ఏడాది నవంబరులో మన పాత ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు, నేపాల్‌లో దాచుకున్న ఆ నోట్లకి మార్పిడి దొరక్క వాళ్ళు మళ్ళీ నొచ్చుకున్నారు. పొరుగువాళ్ళ మధ్య ఉండేది ఒకే ఒక్క పద్దు కాదు. నోట్ల పద్దులో చిరాకుపడ్డవాడు భూకంపం పద్దు మరచిపోయాడని నిష్ఠూరమాడటం, మామ్మగారి లెక్కలాంటిదే.

మా పనిలో ఏం మారిందంటే, ఫ్లెక్సు పోయింది. ఇచ్చేటప్పుడు ఫొటో తీయం, రేకో బియ్యం బస్తానో దింపాక వాటికి తీస్తాం. చందా రశీదు మీద ఒక లైను కొట్టించాం: 'ఇది జీతం, కూలి, బాకీ కిందికి రాదు.' జనం నవ్వుతారు, నవ్వనీ. ఎవరికి ఇస్తున్నామో వాళ్ళ పూర్తి పేరు, ఆధారం చూసి మొదటి రోజే రాసుకుంటాం. ఏం కావాలో అడిగాకే టేబులు వేస్తాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను గజపతి కొండల్ని ముంచినప్పుడు ఒక సవర ఊరికి వెళ్ళి అడిగితే, ముందు గొడ్డళ్ళు కావాలన్నారు. పనసచెట్లు దారికి అడ్డంగా పడ్డాయి. తర్వాత ఉప్పు, అగ్గిపెట్టెలు. బియ్యం ఉందన్నారు. మేం ఎప్పటికీ ఊహించగలిగేవాళ్ళం కాదు.

ఆ తిత్లీ చందా టేబులు దగ్గరికి బహదూర్ వచ్చాడు. ఇప్పుడు పేరుతోనే పిలుస్తాం, కానీ ఇక్కడ ఈ మాటే వాడక తప్పదు. రెండొందలు తీసి టేబులు మీద పెట్టాడు. నేను ఆ నోట్లు వెనక్కి తోశాను, "నీ దగ్గర తీసుకోవడమేంటయ్యా" అని. మంచితనమే అనుకున్నాను. ఆ ఆగస్టులోనే కేరళ వరదలకి విదేశాలు ఇస్తామన్న డబ్బు మన ప్రభుత్వం వద్దంది. 2004 సునామీ నుంచీ అప్పటిదాకా మనది అదే విధానం. పెద్దింటి గౌరవం సరే, ఎవరి దగ్గరా పుచ్చుకోని ఇంటికి పొరుగువాడు తన కృతజ్ఞత ఏ రూపంలో తెచ్చిస్తాడో నాకు తెలియదు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. బహదూర్ మొహం చూశాక తట్టింది.

మాస్టారు నా చెయ్యి పక్కకి నెట్టి నోట్లు తీసుకున్నారు. రశీదు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, పేరు చెప్పమన్నారు. తెలిసినా అడిగారు. బహదూర్ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని పౌరసత్వ పత్రం జిరాక్సు టేబులు మీద పరిచాడు. మాస్టారికి దేవనాగరి బాగానే వచ్చు. అయినా ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి, పైకి చదువుతూ, తెలుగులో రాశారు.